తాత గొడ్డలికి కామ నిలవడం లేదు, ఎక్కడ పొరపాటు జరిగింది?

ఇందూరు రైతుబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది నిజామాబాద్ జిల్లాలో ఒక పల్లె. మా తాత వాడిన గొడ్డలి ఒకటి కొట్టంలో ఏళ్ల తరబడి మూలన పడి ఉండేది. మొన్నటి దసరా నాడు ఆయుధపూజకు కొడవళ్లు, పలుగు, పార కడిగి వరుసగా పెడుతుంటే, మా నాయన ఆ గొడ్డలిని కూడా తెచ్చి బొట్టు పెట్టమన్నాడు. కామ, అంటే గొడ్డలికి తొడిగే కర్ర, చెదలు తిని సగానికి విరిగిపోయింది, మిగిలిన ముక్క ఇనుములో కామ దూర్చే కన్నంలోనే బిగుసుకుపోయింది, ఇనుమంతా తుప్పు పట్టి ఉంది. దాన్ని మళ్లీ పనిలోకి తేవాలని ఆ రోజే అనుకున్నాను.

నేను చేసిందంతా దాచకుండా చెబుతాను. కన్నంలోని ముక్క ఎంత కొట్టినా రాకపోవడంతో గొడ్డలిని అలాగే కట్టెల పొయ్యిలో పెట్టి అరగంట సేపు కాల్చాను. పొలం గట్టు మీది తుమ్మ చెట్టు నుంచి చేతికి పట్టేంత లావున్న కొమ్మ నరికి, బెరడు తీసి, కొడవలితో చెక్కి, పది రోజుల్లోనే కామ తొడిగి, బిగువు కోసం దాని చివర చీలికలో చీల (సన్నని కర్ర ముక్క) దిగ్గొట్టాను. కార్తీక మాసంలో చక్కగా బిగువుగా ఉన్న గొడ్డలి, మాఘం వచ్చేసరికి కదలడం మొదలుపెట్టింది. ఊళ్లో అందరూ చేసే పనే కదా అని రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెట్టాను. తెల్లారేసరికి బిగిసింది కానీ నాలుగు రోజులకు మునుపటి కంటే ఎక్కువగా ఊగింది. మళ్లీ నానబెట్టాను, రెండు మేకులు కూడా కొట్టాను. పోయిన నెలలో కట్టెలు కొడుతుండగా ఇనుము కామ నుంచి ఊడి, వాకిట్లో బియ్యం చెరుగుతున్న మా అమ్మకు రెండు గజాల దూరంలో పడింది. ఆ క్షణం గుర్తుకు వస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అప్పటి నుంచి దాన్ని ముట్టుకోలేదు.

ఇనుము బరువు సుమారు కిలో నాలుగు వందల గ్రాములు. కన్నం కోడిగుడ్డు ఆకారంలో 42 మిల్లీమీటర్ల పొడవు, 28 మిల్లీమీటర్ల వెడల్పు ఉంది. అంగడిలో దొరికే కామలు దీనికి పట్టడం లేదు. ఇంకొక బాధ కూడా ఉంది. ఎంత నూరినా పది దెబ్బలకే అంచు మడత పడిపోతోంది. నా దగ్గర హాక్సా, అరిగిపోయిన ఆకురాయి, సుత్తి, కొడవలి తప్ప పనిముట్లు లేవు. మా జిల్లాలోని కోనసముద్రం ఉక్కు కోసం ఒకప్పుడు పర్షియా వర్తకులు వచ్చేవారని చదివాను. మా తాత గొడ్డలి ఆ ఉక్కుదే అయి ఉంటుందా అన్న ఆశ కూడా ఉంది. పెద్దలు దయచేసి దారి చూపగలరు.


బాడిసె:

తమ్ముడూ, ముందుగా మీ అమ్మగారికి ఏమీ కానందుకు ఊపిరి పీల్చుకున్నాను. మాది వడ్రంగం చేసే ఇల్లు. మా నాయన చేతి కింద నేను నేర్చుకున్న మొదటి పని కామలు చెక్కడమే కనుక, కర్ర సంగతి వరకు నేను చెబుతాను, ఇనుము సంగతి తెలిసినవారు తర్వాత చెబుతారు.

మీరు ఎంచుకున్న తుమ్మ మంచి కర్రే. బండి చక్రాలకూ, నాగళ్లకూ మనవాళ్లు తరతరాలుగా వాడింది అదే. పొరపాటు జాతిలో లేదు, పచ్చితనంలో ఉంది. కర్ర ఎండేటప్పుడు పొడవునా దాదాపుగా తగ్గదు, అడ్డంగా మాత్రం నూటికి ఐదారు వంతుల దాకా తగ్గుతుంది. మీ కన్నం పొడవు 42 మిల్లీమీటర్లు అంటున్నారు కాబట్టి, ఆ లెక్కన పచ్చి కామ పూర్తిగా ఎండేసరికి అటూ ఇటూ కలిపి రెండు మిల్లీమీటర్ల సందు ఏర్పడుతుంది. అంత సందును ఏ చీలా, ఏ మేకూ పూడ్చలేవు. పైగా మీరు వాడింది చీల్చని గుండ్రటి కొమ్మ. అలాంటి కొమ్మ నడుమ దవ్వ, అంటే మెత్తని గుజ్జు భాగం, ఉంటుంది. దవ్వ ఉన్న కర్ర ఎండుతూ దాని చుట్టూ పగులు ఇస్తుంది.

నీళ్లలో నానబెట్టడం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో సగం గొడ్డళ్లు పాడయ్యేది ఇక్కడే. నానిన కర్ర ఉబ్బాలని చూస్తుంది, కానీ చుట్టూ ఇనుము ఉంది, ఇనుము జరగదు. ఉబ్బడానికి చోటు లేక కర్రలోని పోగులు ఒకదాని మీద ఒకటి పడి నలిగిపోతాయి. ఆ రాత్రికి బిగువుగా అనిపిస్తుంది, నిజమే. తిరిగి ఎండిన తర్వాత ఆ నలిగిన పోగులు పాత కొలతకు రావు, ఇంకా సన్నబడతాయి. నానబెట్టిన ప్రతిసారీ కామ కొంత తరిగిపోయినట్టే. మీరు గమనించిన నాలుగు రోజుల వ్యవధి సరిగ్గా అదే. మేకులు కొట్టడం వల్ల ఆ నలిగిన చోటే పగుళ్లు కూడా వచ్చి ఉంటాయి. ఆ కామను పొయ్యిలో పెట్టేయండి, దాన్ని బాగు చేయాలని చూడకండి.

ఇప్పుడు ఎండిన కర్ర ఎక్కడ దొరుకుతుంది అన్నది అసలు ప్రశ్న. ఈరోజు నరికి చీల్చి నీడన పెడితే, అంగుళం మందానికి దాదాపు ఏడాది పడుతుంది. అంతకాలం ఆగలేకపోతే మీ ఇంట్లోనో, పక్క ఇంట్లోనో పాత ఎడ్లబండి పడి ఉందేమో చూడండి. బండి నొగకు, అంటే ముందుకు కాడి దాకా సాగే పొడవాటి కర్రకు, పోగు తిన్నగా ఉన్నదాన్నే ఎంచుకునేవారు. అది ముప్పై నలభై ఏళ్లుగా ఎండి ఉంటుంది. మీ వైపు బండ్లకు తడ కర్ర, చిరుమాను కూడా వాడేవారు. ఆ రెండింటిలో ఏది దొరికినా మీ అదృష్టమే, దెబ్బను తనలోకి తీసుకుని చేతికి అదురు రానివ్వని కర్రలు అవి.

దొరికిన ముక్కను రంపంతో కోయకండి, చీల్చండి. రంపం తన దారిన తాను పోతుంది, చీలిక పోగు దారిన పోతుంది. పోగు కామ చివరి దాకా తెగకుండా సాగితేనే దెబ్బకు నిలుస్తుంది. అనుమానంగా ఉంటే నున్నగా చెక్కిన పక్క మీద ఒక సిరా చుక్క వేయండి. సిరా పోగు వెంటే పాకుతుంది. అది కామ పొడవునా పాకితే మంచిది, ఏటవాలుగా పక్కకు పారితే అక్కడే విరుగుతుందని అర్థం.

అన్నిటికంటే ముఖ్యం కన్నంలో కర్ర కూర్చోవడం. గొడ్డలిని పట్టి ఉంచేది చీల కాదు. కన్నం లోపలి గోడలకు కర్ర నాలుగు వైపులా ఆనుకోవడమే పట్టి ఉంచుతుంది. చీల చివరన కొంచెం విప్పారేలా చేస్తుంది, అంతే. అందుకని దీపం మసిలో రెండు చుక్కల నూనె కలిపి కన్నం లోపల వేలితో పల్చగా పూయండి. కామ మొనను దూర్చి, కొడతితో (చెక్క సుత్తితో) ఒక దెబ్బ వేసి, మళ్లీ ఊడదీయండి. కర్ర మీద నల్లగా అంటిన చోటే అది రాసుకుంటోందని తెలుస్తుంది. ఆ నలుపును మాత్రమే గీకండి, తెల్లగా ఉన్న చోటును ముట్టుకోకండి. ఇలా ఇరవై ముప్పై సార్లు చేయాల్సి వస్తుంది, విసుగు వస్తుంది, అయినా ఆపకండి. మొదట ఒక మూలన మాత్రమే కనబడిన మసి, చివరికి చుట్టూ సమానంగా అంటుకుంటుంది. అప్పుడు సరిపోయినట్టు.


కొలిమి పక్కన:

బాడిసె గారు కర్ర గురించి చెప్పినదానికి నేను కలిపేది ఏమీ లేదు. నేను పారిశ్రామిక శిక్షణ సంస్థలో ఫిట్టర్ పని నేర్పుతాను, మా ఇంటి వెనుకే కమ్మరి కొలిమి ఉండేది. ఇనుము గురించి రాస్తాను.

అంచు పది దెబ్బలకే మడత పడడానికి కారణం మీరే రాశారు: పొయ్యిలో అరగంట కాల్చారు. గొడ్డలి అంచుకు ఉన్న గట్టిదనం కమ్మరి దాన్ని ఎర్రగా కాచి చల్లార్చడం వల్ల వచ్చినది. ఆ గట్టిదనం 300 డిగ్రీలు దాటగానే తగ్గుతూ వస్తుంది, కట్టెల నిప్పులు 600 డిగ్రీలకు పైనే ఉంటాయి. ఇకముందు ఇంకెవరికైనా ఇరుక్కున్న ముక్క తీయాల్సి వస్తే డ్రిల్లుతో నాలుగైదు రంధ్రాలు వేసి, మిగిలినదాన్ని ఇనుప కడ్డీతో తన్ని తీయండి. కాల్చక తప్పకపోతే, అంచు వైపు సగం ఇనుమును తడి మట్టిలో పాతిపెట్టి కన్నం దగ్గర మాత్రమే నిప్పు పెట్టాలి.

ముందు మీ అనుమానాన్ని మీరే పరీక్షించుకోండి. కొత్త ఆకురాయి మొనను అంచు మీద ఆనించి నెట్టండి. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారుతుంది, మెత్తనిదాని మీద సులువుగా కొరుకుతూ పొడి రాలుస్తుంది. గొడ్డలికి కావాల్సింది ఈ రెండింటికీ నడుమ స్థితి, అంటే ఆకురాయి కొరకాలి కానీ చేతికి ఎదురు తగలాలి.

తుప్పును గ్రైండర్‌తో తీయకండి. గ్రైండర్ చక్రం కింద సన్నని అంచు రెండు మూడు క్షణాల్లో నీలి రంగుకు తిరుగుతుంది, నీలి రంగు కనబడిన చోట గట్టిదనం పోయినట్టే. ప్లాస్టిక్ తొట్టిలో వెనిగర్ పోసి ఒక రాత్రంతా ముంచి పెట్టండి. తెల్లారి పీచుతో రుద్ది, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి ఎండలో పెట్టి నూనె రాయండి. సోడాతో కడగడం మరిచిపోతే సాయంత్రానికి మళ్లీ ఎర్రబడుతుంది.

వెనిగర్ నుంచి తీసిన వెంటనే అంచు వైపు జాగ్రత్తగా చూడండి. మన పాత గొడ్డళ్లలో చాలావాటికి ఒళ్లంతా మెత్తని ఇనుము, అంచున మాత్రం ఉక్కు ముక్కను కొలిమిలో అతికి ఉంటారు. పులుపు తగిలితే ఇనుము తెల్లగానే ఉంటుంది, ఉక్కు నల్లబడుతుంది. అంచు నుంచి లోపలికి నల్లని పట్టీ కనబడితే, దాని వెడల్పే మీ గొడ్డలికి మిగిలి ఉన్న ఆయుష్షు. ఆ పట్టీ రెండు వేళ్ల వెడల్పు ఉంటే ఇంకో తరం వాడుకోవచ్చు. గోరంతే మిగిలి ఉంటే నూరడం ఆపేసి కమ్మరితో కొత్త ఉక్కు అతికించుకోవాలి. కోనసముద్రం మాట అడిగారు. ఆ ఉక్కును మూసల్లో, అంటే నిప్పుకు ఆగే మట్టి పాత్రల్లో, కరిగించి చిన్న దిమ్మలుగా చేసేవారు, ఆ దిమ్మలు ఎక్కువగా కత్తుల కోసం పోయేవి. ఊరు దగ్గరైనంత మాత్రాన మీ గొడ్డలి దానిదే అని చెప్పలేము, కంటితో చూసి తేల్చగలిగేది కూడా కాదు.

ఇక గట్టిదనం తిరిగి తేవడం. ఇది కొలిమి ఉన్న కమ్మరి దగ్గరే చేయించండి, పక్కన నిలబడి చూడండి. అంచు నుంచి అంగుళంన్నర మేర మాత్రమే కాచాలి. అయస్కాంతం అంటుకోవడం మానేసిన తర్వాత ఇంకొంచెం కాచి, గోరువెచ్చని నూనెలో అంచును ఒక అంగుళం ముంచి అటూ ఇటూ ఆడించాలి. నూనె భగ్గుమంటుంది కనుక మూత దగ్గర పెట్టుకోవాలి. పాత ఉక్కు ఎలాంటిదో తెలియదు కాబట్టి నీళ్లలో ముంచితే పగిలే ప్రమాదం ఉంది. ముందు నూనెతోనే చూసి, ఆకురాయి ఇంకా సులువుగా కొరుకుతుంటే అప్పుడు నీళ్ల గురించి ఆలోచించాలి.

ముంచి తీయగానే అంచును సానరాయి ముక్కతో గబగబా రుద్ది తెల్లగా మెరిసేలా చేస్తారు. అక్కడ చూడండి. వెనుక భాగంలో మిగిలి ఉన్న వేడి నెమ్మదిగా అంచు వైపు నడుస్తుంది, దానితో పాటు రంగులూ నడుస్తాయి. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఆ వెనుక వంకాయ రంగు, దాని వెంట నెమలి మెడ నీలం. వంకాయ రంగు అంచును తాకి నీలానికి తిరగబోయే క్షణంలో మొత్తం చల్లార్చేయాలి. ఎండుగడ్డి రంగు దగ్గరే ఆపితే ముడి తగిలినప్పుడు అంచు పెచ్చులూడుతుంది, నీలం దాటనిస్తే మళ్లీ మడత పడుతుంది. ఆ రంగుల నడకను ఒక్కసారి కళ్లారా చూసినవారు జీవితంలో మరిచిపోరు.


నాగావళి:

శ్రీకాకుళం వైపు నుంచి రాస్తున్నాను. పెద్దలు ఇద్దరూ చెప్పినవి సరైనవే, ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. చీల అవసరమే లేని పద్ధతి ఒకటి ఉంది. కన్నం పైవైపు కొంచెం వెడల్పుగా, కిందికి వచ్చేసరికి ఇరుకుగా ఉంటే, కామ పై చివరను లావుగా ఉంచి, పికాసికి తొడిగినట్టు పైనుంచి కిందికి దించవచ్చు. విసిరిన కొద్దీ ఇనుము లావు వైపుకే జరిగి బిగుస్తుంది కానీ ఊడిపోదు. రైతుబిడ్డ గారు కన్నాన్ని రెండు వైపులా కొలిచి చూడాలి. రెండు వైపులా ఒకే కొలత ఉంటే ఇది కుదరదు, బాడిసె గారు చెప్పినట్టు చీలే దారి.

పనిముట్లు లేవని బాధపడకండి, నేను వాడేవన్నీ ఇంట్లో చేసుకున్నవే. పాతసామాను దుకాణంలో వాడేసిన పవర్ హాక్సా బ్లేడు తూకానికి దొరుకుతుంది. అడుగు పొడవున్న ముక్కకు రెండు చివరలా తయారీలోనే రంధ్రాలు ఉంటాయి. ఆ రంధ్రాల గుండా బోల్టులు వేసి, రెండు వైపులా చెక్క పిడులు బిగించి, పళ్లు లేని వైపు ఒకే పక్కన ఏటవాలుగా సాన పట్టిస్తే, రెండు చేతులతో మీ వైపుకు లాగి చెక్కే కత్తి తయారవుతుంది. ఆ బ్లేడు ఉక్కు సానచక్రం వేడికి మెత్తబడదు కనుక గ్రైండర్ వాడినా భయం లేదు. పళ్లను మాత్రం ముందే అరగదీయండి, లేకపోతే మోకాలు కోసుకుంటుంది.

కర్రను కదలకుండా పట్టడానికి వైస్ కూడా అక్కర్లేదు. మందమైన పలక నడుమ ఒక రంధ్రం చేసి, పైన పెట్టిన కర్ర మీదుగా తాడు ఉచ్చు వేసి, రంధ్రంలోంచి కిందికి దించి, ఆ ఉచ్చులో పాదం పెట్టి తొక్కండి. తొక్కితే బిగుస్తుంది, వదిలితే కర్రను తిప్పుకోవచ్చు. చివరి నునుపుకు పగిలిన గాజుపెంకు చాలు. గాజు గీకినప్పుడు వచ్చే పొట్టు దూదిలా సన్నగా ఉంటుంది, గరుకు కాగితం కంటే అదే నయం. అరచేతికి బట్ట చుట్టుకోవడం మరవకండి.

నూనె సంగతి కూడా చెబుతాను. చాలామంది ఆముదం రాస్తారు, అది ఎప్పటికీ ఆరదు, జిడ్డుగానే ఉంటుంది. అవిసె నూనె పల్చగా రాసి తుడిచేస్తే రెండు మూడు రోజుల్లో గట్టిపడుతుంది. అయితే అవిసె నూనెతో తడిసిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. వాటిని విప్పి బయట ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి. మీ కొట్టంలో గడ్డి కూడా ఉంటుంది కనుక దీన్ని తేలికగా తీసుకోవద్దు.


ఇందూరు రైతుబిడ్డ:

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రెండు నెలల తర్వాత రాస్తున్నాను, ఎందుకంటే చేసి చూడకుండా రాయకూడదని అనుకున్నాను.

వెనిగర్ నుంచి తీసిన రోజు అంచు వెంట నల్లని పట్టీ స్పష్టంగా కనబడింది. ఒక వైపు వేలున్నర వెడల్పు, రెండో వైపు వేలు కంటే తక్కువ. మా తాత కుడిచేతి వాటం మనిషి, ఒకే పక్కన ఎక్కువగా నూరేవాడని మా నాయన దాన్ని చూసే చెప్పాడు. కన్నం రెండు వైపులా ఒకే కొలత ఉంది కాబట్టి నాగావళి గారి పద్ధతి కుదరలేదు. పక్క ఊరి కమ్మరి అంచును నూనెలోనే చల్లార్చాడు. వంకాయ రంగు అంచుకు వచ్చేసరికి ఆయన ఒక్క మాట కూడా మాట్లాడకుండా చటుక్కున నీళ్లలోకి దించేశాడు. ఇప్పుడు ఆకురాయి ఎదురు తగులుతూ కొరుకుతోంది.

కర్ర మా పెద్దనాయన ఇంటి వెనుక పడి ఉన్న బండి నొగ నుంచి వచ్చింది. పై అంగుళం పుచ్చిపోయింది కానీ లోపల తేనె రంగులో గట్టిగా ఉంది. తడ కర్ర అని ఊళ్లో పెద్దవాళ్లు అన్నారు. మసి పూసి గీకడం నాకు నలభై సార్లకు పైగా పట్టింది, రెండు సాయంత్రాలు పూర్తిగా దానికే సరిపోయాయి. చివరన కామను తలకిందులుగా, ఇనుము కింద వేలాడేలా ఒంటి చేత్తో గాలిలో పట్టుకుని, పిడి చివర కొడతితో కొట్టాను. కింద ఏ ఆధారమూ లేకపోయినా దెబ్బ దెబ్బకూ ఇనుము తనంతట తానే పైకి ఎక్కడం చూసి మా చిన్నవాడు కేరింతలు కొట్టాడు. మొదట డబ్ డబ్ మని బోలుగా వినిపించిన చప్పుడు, ఇనుము కూర్చునేసరికి ఖణేల్‌మని మారింది. చీల కోసం కన్నం లోతులో మూడింట రెండు వంతుల దాకా చీలిక కోసి, ఎండిన తుమ్మ చీల దించాను. కర్రను ఇనుము పైన ఒక నాలుగు మిల్లీమీటర్లు మిగిల్చాను.

ఒక సందేహం మిగిలింది. అంచును నేల మీద ఆనించి కామను చూస్తే, పిడి చివర అంచు గీత కంటే అర అంగుళం ఎడమకు పోతోంది. కట్టెలు చీల్చడానికి ఇది ఇబ్బంది అవుతుందా?


బాడిసె:

కట్టెలు చీల్చడానికి అర అంగుళం ఇబ్బంది కాదు, చెక్కడానికైతే అయ్యేది. చీల ఊడదీసి మళ్లీ మొదలుపెట్టకండి, బాగా కూర్చున్నదాన్ని కదిలించడం తప్పు. పిడి వైపు కుడి పక్కన మందాన్ని తాకకుండా, ఎడమ పక్కన మాత్రం గాజుపెంకుతో కొద్దికొద్దిగా గీకితే చేతికి పట్టు నడిమికి వస్తుంది. ఈ ఎండాకాలం ముగిసేలోపు నెలకొకసారి ఇనుము పైన మిగిల్చిన ఆ నాలుగు మిల్లీమీటర్లను వేలితో తడిమి చూడండి. అది తగ్గితే ఇనుము పైకి జరుగుతోందని అర్థం. అప్పుడు నీళ్ల బకెట్ దగ్గరికి వెళ్లకుండా మళ్లీ తలకిందులుగా పట్టుకుని పిడి చివర నాలుగు దెబ్బలు వేసి, చీలను మరి కాస్త దించండి. కొట్టే రోజు మాత్రం, ఎంత బిగువుగా ఉన్నా సరే, అమ్మగారిని వాకిట్లోంచి లోపలికి పంపించాకే ఎత్తండి.